మూత తిప్పనివ్వను

మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఏడు వారాలు ఇంట్లో కూర్చుని, తిరిగి పనిలోకి వచ్చిన మొదటిరోజు పొద్దున నేను రసాయనాల బీరువా ముందు స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరేమన్నా లేవనన్నాను. నాకు అరవైకి రెండేళ్ళు తక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. ఇన్నేళ్ళలో పైవాళ్ళకి ఎదురు చెప్పలేదంటే ఎవరూ నమ్మరు, చాలాసార్లే చెప్పాను. కానీ ఇలా దారికి అడ్డంగా కూర్చోవడం మాత్రం అదే మొదలు.

మా ల్యాబులో మూడు గదులు. ఆపరేషన్లలో కోసి తీసిన ముక్కలు మొదటి గదికి వస్తాయి. వాటిని ద్రావణంలో నానబెట్టి, మైనంలో పోతపోసి, పొరలు పొరలుగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగులు వేసి మా పెద్ద డాక్టరమ్మకి అందిస్తాం. జబ్బు ఏమిటో ఆవిడ చూసి చెబుతుంది. రెండో గదిలో ఆవిడ కూర్చుంటుంది. మూడో గదిలో రసాయనాల బీరువా, తూకం, చేతులు కడుక్కునే తొట్టి. ఆ మూడో గది నా రాజ్యం అని అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. నన్ను "సీసాల పెద్దమ్మ" అనేవాళ్ళు. పైకి విసుక్కునేదాన్ని గానీ ఆ పేరంటే నాకు లోలోపల మహా ఇష్టం.

ఆ రోజు పది దాటి పది నిమిషాలయింది. చేతికర్ర టకటకలాడించుకుంటూ మూడో గదిలోకి అడుగుపెట్టేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మా కోడలు గ్లవుజులు తొడుక్కుని మధ్య అరలోకి చెయ్యి చాపుతోంది. ఆమె వెనక గ్రాముల సారు స్టాకు పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద తూకం, దాని మీద ఖాళీ పళ్ళెం సిద్ధంగా ఉన్నాయి.

కోడలంటే నా ఒక్కగానొక్క కొడుకు పెళ్ళాం. రెండేళ్ళుగా నా దగ్గరే తాత్కాలిక టెక్నీషియన్. చురుకైన పిల్ల, చెయ్యి వణకదు, ముక్క కోస్తే పొర చిరగదు. ఆ మాట ఆమె ముందు నేనెప్పుడూ అనలేదు. గ్రాముల సారంటే స్టోర్సు ఆఫీసరు. వచ్చి నాలుగు నెలలయింది. ల్యాబులో ఉన్న ప్రతి పొడీ పుస్తకంలో రాసినంతే ఉండాలి, గ్రాము తగ్గినా ఊరుకోడు, గ్రాము పెరిగినా ఊరుకోడు. అందుకని ఆయనకి ఆ పేరు పెట్టింది నేనే.

కోడలి చెయ్యి ఏ సీసా వైపు వెళుతోందో చూశాను.

అది పిక్రిక్ యాసిడ్ సీసా. పసుపుపచ్చ పొడి. కొన్ని రకాల ముక్కల్ని నానబెట్టే ద్రావణంలోకి అది కావాలి. సీసాలో ఎప్పుడూ తడిగా, పిండి ముద్దలా ఉండాలి. పొడిలో కనీసం మూడోవంతు నీళ్ళుండాలని నాకు నేర్పిన పాత టెక్నీషియన్ చెప్పింది. తడిగా ఉన్నంతసేపూ అంత సాధువు ఇంకోటి లేదు. మహా అయితే వేళ్ళకి పసుపు రంగు అంటిస్తుంది. ఎండిందా, ఇక రసాయనం కాదు, మందుగుండు. దెబ్బ తగిలినా, రాపిడి తగిలినా, వేడి తగిలినా పేలుతుంది. అన్నిటికన్నా పాడు చోటు మూత. మూత లోపలి మరచుట్ల మధ్య ఇరుక్కుని ఎండిన నాలుగు రవ్వలు చాలు. తిప్పగానే వాటికి కావలసిన రాపిడి దొరుకుతుంది, సీసా చేతిలో ఉండగానే.

ఆ రోజు సీసాలో ముద్ద లేదు. పొడి దుమ్ములా విడివిడిగా ఉంది, గాజు లోపలి వైపు పైదాకా అంటుకుని ఉంది. మూత కింద అంచున పసుపు గీత ఒకటి కనబడింది.

"చెయ్యి తియ్యి!" అని అరిచాను.

అరవకూడదు. ఆ పిల్ల ఉలిక్కిపడి సీసాని తోసేసి ఉండొచ్చు. అదృష్టం బాగుండి చెయ్యి వెనక్కే వచ్చింది. నేను ఆమె భుజం పట్టుకుని పక్కకి లాగి, తూకం ముందున్న స్టూలు జరుపుకుని బీరువాకి వీపు పెట్టి కూర్చున్నాను. ఒక తలుపు మూయబోయిన గ్రాముల సారుని కూడా ఆపాను.

"తలుపు ముట్టుకోకండి సార్. బీరువా కదలకూడదు."

"ఏంటమ్మా ఇది? వస్తూనే ఈ గోలేంటి?" అన్నాడాయన.

"ఆ సీసా ఎండిపోయింది. మూత తిప్పితే పేలుతుంది."

"పేలుతుందా? ఇన్నేళ్ళూ నెలనెలా మీరు తిప్పుతూనే ఉన్నారుగా. అప్పుడు పేలలేదేం?"

"అప్పుడు తడిగా ఉంది."

"అదేగా నేను మొత్తుకునేది! తడి వల్లే కదా లెక్క తప్పింది. పుస్తకంలో రెండువందల యాభై గ్రాములుంటే పళ్ళెంలో పోసి తూస్తే మూడువందల ఎనభై వచ్చింది. నూట ముప్పై గ్రాములు ఎక్కువ! కొనని సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందని తనిఖీవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి? నీళ్ళని చెప్పనా? మనం కొన్నది యాసిడ్ గానీ నీళ్ళు కాదుగా."

పుస్తకంలో అంకెకి సరిపోవాలని ప్రాణం నిలబెట్టే నీళ్ళని తీసేయించాడు ఈ మహానుభావుడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని రకాల తెలివితక్కువతనం చూశానో. ఆమ్లం సీసా మీద తాగే నీళ్ళ గ్లాసు బోర్లించిన వాణ్ణి చూశాను, స్పిరిటు పక్కన పొయ్యి వెలిగించిన వాణ్ణి చూశాను. ఇంత శ్రద్ధగా, ఇంత కష్టపడి, పుస్తకం దగ్గర పెట్టుకుని చేసిన తెలివితక్కువ పని మాత్రం చూడలేదు.

"ఎవరు ఆరబెట్టారు?" అన్నాను, జవాబు తెలిసే.

"నేనే అత్తయ్యా," అంది కోడలు. గొంతులో భయం లేదు, కోపం ఉంది. "మూత తీసి, పైన వడపోత కాగితం కప్పి, కిటికీ పక్కన ఫ్యాను కింద పెట్టాను. పదకొండు రోజులు. రోజూ గాజు కడ్డీతో కలిపాను కూడా. ఇవాళ తూస్తే సరిగ్గా రెండువందల యాభై వస్తుంది. పన్నెండింటికి తనిఖీవాళ్ళు వస్తారు. దయచేసి లేవండి."

పదకొండు రోజులు. రోజూ కడ్డీతో కలిపిందట. ఈ పిల్ల పదకొండు రోజులు చావుతో ఆడుకుని రోజూ సాయంత్రం ఇంటికొచ్చి నా మోకాలికి కాపడం పెట్టింది.

"నువ్వు బయటికి పో," అన్నాను.

"ఎందుకు? నా పర్మనెంటు కాగితం ఈ వారమే పైకి వెళుతోంది. మీకు తెలుసు. సార్ సంతకం కూడా దానికి కావాలి. అందరి ముందూ నన్నిలా నవ్వులపాలు చేస్తారా?"

"ఇక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు. పో."

"కారణం చెప్పకుండా పొమ్మంటే పోను. మీకెప్పుడూ ఇదే. నీళ్ళు పొయ్యి, ఎందుకని అడక్కు. ప్లాస్టిక్ చెంచానే వాడు, ఎందుకని అడక్కు. ఆపరేషన్‌కి వెళ్ళే ముందు కూడా అడిగాను. 'అన్నీ విడమరిచి చెబితే గానీ చెయ్యవా' అన్నారు. సార్ అయితే కారణం చెప్పారు. బరువు సరిపోవాలన్నారు. అది నాకర్థమైంది, చేశాను."

ఆ మాట నన్ను ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టింది. జవాబు నా దగ్గర ఉంది, కానీ గ్రాముల సారు ముందు చెప్పే జవాబు కాదు. ఆ క్షణాన ఆమె అవతలికి పోవడమొక్కటే నాకు కావాలి.

"సరే, చెబుతాను విను," అన్నాను. చెప్పాను. తడి ఎందుకో, ఎండితే ఏమవుతుందో, ఇనుప చెంచా తగిలితే ఇంకెంత ప్రమాదమో, మూత మరచుట్లలో ఏముందో. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండేళ్ళుగా చెప్పనిది రెండు నిమిషాల్లో అయిపోయింది.

కోడలు గ్లవుజులున్న తన చేతుల వైపు చూసుకుంది.

"నిన్న సాయంత్రం ఈ మూత బిగించింది నేనే," అంది. "గట్టిగా బిగించాను. దుమ్ము పడకూడదని."

"అందుకే పొమ్మంటున్నాను. వెళ్ళి డాక్టరమ్మని పిలువు. నడిచి వెళ్ళు, పరిగెత్తకు."

వెళ్ళింది.

గ్రాముల సారు మాత్రం కదల్లేదు. "ఇదంతా మీ అత్తాకోడళ్ళ గొడవలా ఉంది," అన్నాడు. "నేనే మూత తీస్తాను, లేవండి. ఏం పేలుతుందో నేనూ చూస్తాను."

"లేవను."

"ఇది ఆదేశం."

"అయితే రాసివ్వండి. ఎండిన పిక్రిక్ సీసా మూత తియ్యమని ఆదేశించానని రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి. అప్పుడు కూడా లేవను. కానీ కాగితం నా దగ్గరుంటుంది."

"మీ మీద చర్య తీసుకోవలసి వస్తుంది."

"తీసుకోండి. ఈ మోకాలితో నన్ను ఎత్తి బయట పడెయ్యాలన్నా నలుగురు కావాలి. ఆ నలుగుర్నీ ఈ గదిలోకి రమ్మనండి, ఎవరొస్తారో చూద్దాం."

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. నేను చేతికర్ర ఎత్తి ఆయన కడుపుకి ఆనించాను. కొట్టలేదు. ఆనించానంతే. ఒక ఆఫీసరు కడుపు మీద కర్ర పెడతానని కలలో కూడా అనుకోలేదు. పెట్టాక మాత్రం ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదా అనిపించింది.

"ఇంకో అడుగు వెయ్యకండి," అన్నాను.

వెయ్యలేదు. వెనక్కి వెళ్ళి, గడప అవతల నిలబడి, పుస్తకంలో ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. పేలదని అంత నమ్మకమున్న మనిషి మళ్ళీ గడప దాటి లోపలికి రాలేదు.

నాకు భయం వేయలేదా అంటే వేసింది. నా వీపుకి మూరెడు దూరంలో ఉంది ఆ సీసా. ఆపరేషన్ చేసిన మోకాలు స్టూలు మీద వంచి కూర్చోవడంతో మంటెత్తుతోంది. కాలు చాపుదామంటే స్టూలు కదిలి బీరువాకి తగులుతుందేమోనని భయం. అయినా లేచే ప్రశ్నే లేదు. నేను లేచిన మరుక్షణం ఈ మనిషి లోపలికి వస్తాడు, లేదా ఆ పిల్లని పంపుతాడు. ఆ పిల్ల వస్తుంది కూడా. చెప్పిన పని చెయ్యడం ఆమెకి బాగా వచ్చు. అలా తయారు చేసింది నేనే.

డాక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి సంగతి విన్నది. ఆవిడ మంచిదే గానీ ఎవరినీ నొప్పించడం ఆవిడ వల్ల కాదు. "పెద్దమ్మగారూ, పన్నెండింటికి తనిఖీ ఉంది కదా. సీసా మీద కాసిని నీళ్ళు చల్లితే సరిపోదా?" అంది.

"మూత తియ్యకుండా నీళ్ళు లోపలికెలా వెళతాయి డాక్టరమ్మా?"

"పోనీ, తనిఖీ అయ్యేదాకా అలా వదిలేసి..."

"తనిఖీవాళ్ళు ఈ బీరువా తలుపు ధడాలున వేస్తారు. మీకు తెలుసు. పోలీసులకి ఫోన్ చెయ్యండి. బాంబులు తీసే వాళ్ళని పంపమనండి. ఈ వైపు మనుషులందర్నీ బయటికి పంపించండి. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను."

"మీరు కూడా రావచ్చుగా," అంది కోడలు, డాక్టరమ్మ భుజం మీంచి చూస్తూ.

"నేనొస్తే ఈయన లోపలికి వెళతాడు."

గ్రాముల సారు మొహం మాడిపోయింది. కానీ నేను అబద్ధం చెప్పానని ఎవరూ అనలేదు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, జేబులోంచి ఫోన్ తీసింది. ఆవిడ మీద నాకున్న అలకలన్నీ ఆ క్షణాన్నే మాఫీ చేసేశాను.

మనుషుల్ని బయటికి పంపడానికి అరగంట పట్టింది. పక్క వరండాలో కుర్చీలు ఈడ్చిన చప్పుడు, చెప్పుల చప్పుడు, ఎవరో పిల్లని పేరు పెట్టి పిలవడం వినిపించాయి. తర్వాత ఏమీ వినబడలేదు. గోడ గడియారం ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది. గ్రాముల సారు మెట్ల దగ్గరే కాచుకుని ఉన్నాడు, అందుకని నేను లేవలేదు. కోడలూ వెళ్ళలేదు. వరండా చివర స్తంభం అవతల నిలబడి ప్రతి అయిదు నిమిషాలకీ "అత్తయ్యా" అని పిలిచింది. "ఉన్నానులే" అని ప్రతిసారీ నేను పలికాను. మధ్యలో ఒకసారి, "మీ అబ్బాయికి ఫోన్ చెయ్యనా?" అని అడిగింది. "వాడొచ్చి ఏం చేస్తాడు, వాడి పని వాణ్ణి చేసుకోనీ" అన్నాను.

బాంబుల వాళ్ళు ముగ్గురు వచ్చారు. పెద్దాయన నడివయసు మనిషి, పొట్టిగా, చాలా తాపీగా ఉన్నాడు. గుమ్మంలోంచే దూరదర్శిని లాంటి కెమెరాతో నా తల పక్కనుంచి సీసాని ఫోటో తీసి, చాలాసేపు చూశాడు.

"ఎండి ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు ఆరింది. నిన్న మూత బిగించారు."

"మీరెంతసేపటి నుంచి ఇక్కడ కూర్చున్నారు?"

"గంటన్నర."

ఆయన తోటివాళ్ళ వైపు చూసి తల ఊపాడు. "ఇక మీ పని అయిపోయిందమ్మా. మెల్లగా, స్టూలు ఎత్తకుండా ముందుకి లేవండి," అన్నాడు.

లేవలేకపోయాను. మోకాలు బిగుసుకుపోయింది. ఆయన ఒప్పుకోకముందే కోడలు వచ్చేసి, నా చంక కింద చెయ్యి వేసి లేపింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని వరండా దాటాం.

వాళ్ళు సీసాని ఇసుక నింపిన పెట్టెలో పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఆసుపత్రి వెనకనున్న ఖాళీ స్థలానికి తీసుకెళ్ళారు. గొయ్యి తవ్వి, అందర్నీ దూరంగా నిలబెట్టి పేల్చేశారు. నేనేదో పటాసు చప్పుడులా ఉంటుందనుకున్నాను. నేల కదిలింది. వంటశాల కిటికీ అద్దాలు రెండు పగిలాయి. మట్టి మనిషెత్తు లేచి, తీరిగ్గా కింద పడింది. కోడలు తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది. గ్రాముల సారు చేతిలో పుస్తకం కింద పడింది, తీసుకోవడానికి వంగలేదు.

నేను గెలిచాను. ఆ మాట అనుకోవడానికి పట్టినంతసేపే ఆ సంతోషం నిలిచింది.

బాంబుల పెద్దాయన ఇందాక తీసిన ఫోటో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఒక్క సంగతి అర్థం కాలేదమ్మా. ఇలాంటి సీసా మీద కంపెనీవాళ్ళు హెచ్చరిక అచ్చేస్తారు. ఎండితే పేలుతుందని ఎర్ర అక్షరాలతో, బొమ్మ వేసి మరీ. దీని మీద లేదేం?"

ఫోటో చూశాను. సీసా నడుం చుట్టూ తెల్ల కాగితం. దాని మీద పెన్సిలుతో వరసగా తేదీలు, బరువులు. అన్నీ నా చేతిరాతే. నెలనెలా నీళ్ళు పోసి తూచి రాసుకోవడానికి నేను అంటించిన కాగితం అది. రాయడానికి చోటు చాలక, పన్నెండేళ్ళుగా ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోయాను. హెచ్చరిక దాని కింద ఉంది. నాకెలాగూ తెలుసు కదా, ఇంకెవరు చదవాలి అనుకున్నాను.

"కాగితం కింద ఉంది," అన్నాను.

కోడలు పక్కనే ఉంది. విన్నది. ఫోటో తను కూడా తీసుకుని చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

తనిఖీ వాయిదా పడింది. అందరూ వెళ్ళాక ఇద్దరం వరండా మెట్ల మీద కూర్చున్నాం. కోడలు, "ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అంది. "పని ఎక్కువై మరిచిపోయారా?"

అబద్ధం చెప్పడానికి దారి తనే చూపించింది. అవునంటే అయిపోయేది. కానీ గంటన్నర ఆ సీసాకి వీపు పెట్టి కూర్చున్నాక అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

"మరిచిపోలేదు," అన్నాను. "నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. అన్నీ నీకు చెప్పేస్తే ఇక నాతో ఏం పని ఉంటుంది అనుకున్నాను. ఇంట్లో వంటిల్లు నీదైపోయింది. వాడికి ఏం కావాలన్నా నిన్నే అడుగుతాడు. ఈ గదిలోనైనా నన్ను అడక్కుండా ఎవరూ ఏమీ చెయ్యకూడదనుకున్నాను."

ఆమె నా వైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఓదార్చమని నేను అడగలేదు గానీ, అడిగినా ఓదార్చే మొహం కాదది.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరమ్మ తన గదికి ముగ్గుర్నీ పిలిచింది. ఆవిడ ముందు ఖాళీ కాగితం ఉంది. జరిగింది రాసి పైకి పంపాలి. గ్రాముల సారు అప్పటికే తేరుకున్నాడు. చొక్కా కూడా మార్చుకున్నట్టున్నాడు.

"నేను బరువు సరిచూడమన్నాను," అన్నాడు. "ఆరబెట్టమని ఎక్కడా రాయలేదు. ఎలా సరిచూడాలన్నది టెక్నీషియన్ తెలుసుకోవాలి. తాత్కాలికం వాళ్ళని పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. ఈ పిల్ల చేతులు దక్కాయి గానీ ఇప్పుడు నోటి దగ్గర కూడు పోయేలా ఉంది. అప్పటికే నేనొక నిర్ణయానికి వచ్చేశాను. "డాక్టరమ్మా, రాసుకోండి. ఆరబెట్టమని ఇంటి దగ్గర మంచంలోంచి చెప్పింది నేనే. ఆ అమ్మాయి నా మాట విని చేసింది. నాకింకా రెండేళ్ళే సర్వీసు. ఏం చేసుకుంటారో నన్ను చేసుకోండి," అన్నాను.

"పెద్దమ్మగారూ..." అంది డాక్టరమ్మ.

"ఆగండి అత్తయ్యా," అంది కోడలు.

నన్ను ఆగమని ఆమె అనడం అదే మొదటిసారి. గొంతు ఎత్తలేదు, మెల్లగానే అంది. కానీ నేను ఆగిపోయాను.

"నా తరఫున మీరు అబద్ధాలు చెప్పక్కర్లేదు. డాక్టరుగారూ, నేను చెబుతాను, మీరు రాయండి. మూత తీసి ఆరబెట్టింది నేను. ఎందుకు తడిగా ఉంచుతారో కనుక్కోకుండా ఆరబెట్టాను, అది నా తప్పు. 'నీళ్ళు తీసేసి బరువు చూపించు' అన్నది సార్. మాటల్లోనే అన్నారు, ఈ గదిలోనే అన్నారు, రెండుసార్లు అన్నారు. హెచ్చరిక మీద కాగితం అంటించి, అడిగినా కారణం చెప్పనిది మా అత్తగారు. ముగ్గురి పేర్లూ ఉండాలి. ఒక్కటి తగ్గినా నేను సంతకం పెట్టను."

"ఆలోచించుకోమ్మా," అంది డాక్టరమ్మ. "నీ కాగితం పైకి వెళ్ళే వారమిది."

"తెలుసండి. ఈ రాతలో నా పేరు లేకుండా పంపితే ఆ పర్మనెంటు కాగితం నాకొద్దు."

గ్రాముల సారు నవ్వబోయాడు. "ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు నా పేరు రాస్తే నేను సంతకం పెడతానా?"

"పెట్టకండి సార్. ఖాళీ వదిలేస్తారు. పక్కన మీ పేరు మాత్రం ఉంటుంది."

నాకు ముందు కోపమే వచ్చింది. నా నోటితో నేను నెత్తిన వేసుకున్నదాన్ని తీసి, నా అసలు తప్పుని నలుగురిలో నా పక్కన పెట్టింది ఈ పిల్ల. ప్రాణాలకి తెగించి కాపాడినదాన్ని కదా, ఈ ఒక్కటి వదిలెయ్యకూడదా అనిపించింది. ఆ తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత, చెప్పడానికి మొహమాటమెందుకు, గర్వంగా కూడా అనిపించింది. నాకెదురు నిలిచినవాళ్ళలో ఇంత బాగా ఎవరూ నిలబడలేదు.

డాక్టరమ్మ రాసింది. చదివి వినిపించింది. గ్రాముల సారు కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోయాడు. ఆయన పేరు పక్కన ఖాళీ అలాగే ఉండిపోయింది. నా వంతు వచ్చినప్పుడు, "ఒక మాట చేర్చండి," అన్నాను.

"ఏం చేర్చాలి?"

"కారణం చెప్పలేదు అని రాశారు. తెలిసే చెప్పలేదు అని రాయండి."

డాక్టరమ్మ నా వైపు, కోడలి వైపు చూసి, 'తెలిసే' అన్న ముక్క పైన ఇరికించి రాసింది. సంతకం పెట్టి కలం పక్కకి జరిపాను. కోడలు అందుకుంది. నిన్న ఆ మూత బిగించిన చెయ్యే అది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. తొందర లేకుండా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, తన పేరు స్పష్టంగా రాసింది.